ఏకముద్ర, భవ్య ఎడమకాలు

డాక్టర్ గేదెల హైమావతి పదకొండేళ్ళు కష్టపడి ఒక పలక తయారు చేసింది. చూడ్డానికి బత్తాయి తొక్క రంగులో, అట్టముక్కంత మందంగా ఉండేది. చేత్తో వంచితే వంగదు, నేలకేసి కొట్టినా పగలదు. కానీ దాని మీద నీలం దీపం వేస్తే నాలుగు నిమిషాల్లో చపాతీ పిండిలా మెత్తబడేది. వేడి అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు. కావలసిన ఆకారానికి ఒత్తుకుని దీపం ఆర్పేస్తే ఆ ఆకారంలోనే మళ్ళీ రాయిలా గట్టిపడేది. వెలుతురు తగిలినప్పుడల్లా లోపలి అణువులు వంగుతూ, మళ్ళీ తిన్నగా అవుతూ పక్కవాటిని కుదుపుతాయనీ, ఆ కుదుపులో పదార్థమంతా పట్టు సడలిస్తుందనీ ఆవిడ ఓపిగ్గా వివరించేది. వినేవాళ్ళు "అలాగా" అని వాచీ చూసుకునేవారు.

ఆవిడ ఇంత కష్టపడింది వంకర పాదాలతో పుట్టే పిల్లల కోసం. అలాంటి పాదాన్ని పసితనంలోనే వారం వారం కొంచెం కొంచెం తిప్పి కట్టు వేస్తే తిన్నగా వచ్చేస్తుంది. ఆలస్యమయ్యే కొద్దీ మొరాయిస్తుంది. కానీ సిమెంటు కట్టయితే ప్రతి వారం పాతది కోసి కొత్తది వెయ్యాలి, దానికి పట్నంలో ఆసుపత్రికి రావాలి. రెండు బస్సులు మారి వచ్చే తల్లులు మూడో వారానికే మానేస్తున్నారని ఎముకల డాక్టరు ఇమ్మానుయేలు ఆవిడతో ఒకసారి అన్నాడు. ఆ మాట హైమావతి మనసులో పడిపోయింది. తన పలకతో పసిపాదానికి బూటు తొడిగితే, ఊళ్ళో నర్సమ్మే వారానికోసారి దీపం వేసి, మెత్తబడ్డాక పాదాన్ని ఇంత తిప్పి, దీపం ఆర్పేస్తుంది. మిగతా రోజులు ఎండ తగలకుండా ఎర్రగుడ్డ చుడితే చాలు. ఎర్ర వెలుతురుకి ఆ పలక చలించదు.

మొదటి బూటు ఎవరికో కూడా ఖాయమైపోయింది. గుమ్మడిపేట నుంచి వచ్చే రొంగలి గౌరి కూతురు భవ్యకి. రెండు నెలల పిల్ల. ఎడమ పాదం లోపలికి మడతపడి, అరికాలు ఆకాశం చూస్తూ ఉండేది.

హైమావతి పనిచేసే రాష్ట్ర నవ్య పదార్థ పరిశోధన సంస్థ డైరెక్టరు జగదానందం గారికి మాత్రం ఈ బూటు మీద పెద్ద ఉత్సాహం లేదు. అంత చిన్న వస్తువుకి రిబ్బను కట్టి కత్తిరించడం కష్టమని ఆయన బాధ. అందుకని ఏకీకృత పాలన శాఖ కార్యదర్శి మార్తాండరావు గారు సంస్థని సందర్శించడానికి వచ్చిన రోజున, బూటు సంగతి ఎత్తకుండా పలక ఒక్కటే చూపించమన్నాడు.

హైమావతి చూపించింది. దీపం వేసింది, పలక మెత్తబడింది. వేలితో గుంట చేసింది, దీపం ఆర్పింది, గుంట అలాగే ఉండిపోయింది.

మార్తాండరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అంటే ఈ పదార్థానికి సొంత అభిప్రాయమంటూ లేదన్నమాట."

"సొంత ఆకారం లేదండి. మనం ఏది ఇస్తే అది..."

"నేనన్నదీ అదే. ఆదర్శ ఉద్యోగి లక్షణం." ఆయన బల్లమీది డైరెక్టరు గారి గుండ్రటి రబ్బరు ముద్ర తీసి మెత్తటి పలక మీద ఒత్తారు. దీపం ఆర్పించారు. గట్టిపడిన పలక మీద అక్షరాలు ఒత్తొత్తుగా నిలిచాయి. ఆయన వాటిని వేలితో తడుముతూ గదంతా ఒకసారి తిరిగారు. ఆయన వెనకే జగదానందం గారు కూడా తిరిగారు.

"రాష్ట్రంలో ఎన్ని రకాల ముద్రలున్నాయో తెలుసా డాక్టరు గారూ? నాలుగువేల ఆరువందలు. తిరస్కరించడానికి ఒకటి, తాత్కాలికంగా తిరస్కరించడానికి ఒకటి, తిరస్కరించినట్టు తెలియజేయడానికి ఇంకొకటి. ఈ గందరగోళం ఇక చాలు. ఆఫీసుకి ఒకే ఒక్క ముద్ర. ఉదయం రెవెన్యూ, మధ్యాహ్నం వైద్యం, సాయంత్రం రవాణా. వెలుతురు వేస్తాం, అక్షరాలు మారుస్తాం, ముద్ర వేస్తాం. ఏకముద్ర!"

"బ్రహ్మాండం సార్," అన్నాడు జగదానందం గారు.

"కానీ ఎండ తగిలితే అక్షరాలు జారిపోతాయండి," అంది హైమావతి. "ట్యూబులైటు కింద కూడా జారతాయి. కాకపోతే నెమ్మదిగా."

"ప్రభుత్వం నెమ్మదికి భయపడదమ్మా."

"ఈ సరుకు వంకర పాదాల పిల్లలకోసం చేసిందండి. మా దగ్గరున్నది ఒక ముప్ఫైమందికి..."

"అది రెండో దశలో పరిశీలిద్దాం. ఉన్న సరుకంతా మొదటి దశకి కేటాయించండి."

"మొదటి దశ ఎప్పుడు పూర్తవుతుందండి?"

మార్తాండరావు గారు ఆవిడ వంక జాలిగా చూశారు. "దశలు ప్రారంభించడానికమ్మా. పూర్తి చెయ్యడానికి కాదు."

* * *

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. రాష్ట్రంలోని రబ్బరు ముద్రలన్నీ రద్దయ్యాయి. జిల్లా కేంద్రాల్లో వాటిని కుప్పలు పోసి, కొబ్బరికాయ కొట్టి తగలబెట్టారు. రబ్బరు కాలిన కంపుకి మూడు రోజులు కలెక్టరాఫీసుల వైపు కాకి రాలేదు. మళ్ళీ ఎవరూ రహస్యంగా రబ్బరు ముద్ర చేయించకుండా ముద్రలు చేసే దుకాణాలు కూడా మూయించారు. ఏకముద్రకి గోపురం ఆకారంలో పిడి పెట్టి, పట్టుగుడ్డ చుట్టిన పెట్టెల్లో ఆఫీసులకి పంపించారు. హైమావతి అలమరాలో బత్తాయి రంగు పలక చీలిక కూడా మిగల్లేదు.

పదోరోజున ఒక తహశీల్దారు గారు కిటికీ పక్కన కూర్చుని ఒకాయనకి కుటుంబ ధ్రువపత్రం ఇస్తూ ముద్ర వేశారు. కాగితం మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక మచ్చ పడింది. లోపల అక్షరాలు ఒకదాని మీదికొకటి వాలి, వర్షంలో చూరు కింద చేరిన మేకల్లా ముద్దగా ఉన్నాయి. ఆ కాగితం పుచ్చుకున్నాయన ఇదేమిటని అడిగితే, కుటుంబం అంటే ఇలాగే ఉంటుందని సర్ది చెప్పి పంపారు. నెల తిరిగేసరికి అన్ని ఆఫీసుల్లోనూ అదే వరస. ఆసుపత్రుల్లో, బళ్ళలో, రిజిస్ట్రేషను ఆఫీసుల్లో పడ్డవి ముద్రలో సిరా మరకలో తెలియక జనం తిరగడం మొదలుపెట్టారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. ఉన్నత స్థాయి సంఘం వేసింది. హైమావతిని ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. ప్రత్యేక ఆహ్వానితులు టీ తాగవచ్చు, అడిగితే మాట్లాడవచ్చు, మాట్లాడింది మాత్రం రాసుకోరు.

"ముద్ర పొడవు, వెడల్పు, బరువు అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి," అని సంఘం అధ్యక్షుడు నివేదిక చదివాడు. "పిడి ప్రమాణాలకు అనుగుణంగా ఉంది. సిరా కూడా. పరిశీలించిన మీదట, లోపం వెలుతురులో ఉన్నట్లు తేలింది. రాష్ట్రంలోని ఏ కార్యాలయంలోనూ వెలుతురు ప్రవేశానికి ఇంతవరకు ఎట్టి అనుమతీ మంజూరు కాలేదు. వెలుతురు నిబంధనల్లోనే లేదు."

సభ్యులంతా తలలూపారు. ఇన్నేళ్ళూ ఇంత అనధికార వెలుతుర్లో పనిచేశామా అని ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా.

"ఒక ఎర్ర మూత పెడితే సరిపోతుందండి," అంది హైమావతి. "వాడనప్పుడు మూతపెట్టి ఉంచండి. అంతే."

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "మూత అనేది ముద్రలో అంతర్భాగమా, లేక స్టేషనరీయా?"

"మూత మూతేనండి."

"అంతర్భాగమైతే ముద్ర అసంపూర్ణంగా సరఫరా అయిందని ఒప్పుకోవాలి. స్టేషనరీ అయితే ఆ శాఖ వేరు. రెండూ కుదరవు." ఆయన కలం మూసేశాడు. "వెలుతురునే నియంత్రిద్దాం."

ఆ సాయంత్రమే కార్యాలయ వెలుతురు నియంత్రణ నియమావళి వెలువడింది. కిటికీ అద్దాలకి తారు పూశారు. ట్యూబులైట్లు పీకేసి ఎర్రబల్బులు పెట్టారు. తలుపు తీసేటప్పుడు వెలుతురు జొరబడకుండా గుమ్మానికి రెండేసి నల్లటి తెరలు కట్టి, రెంటి మధ్యా ఒక మనిషిని నిలబెట్టారు. టార్చిలైటుతో ఆఫీసులోకి వచ్చినవాడి మీద ప్రభుత్వ ఆస్తి ధ్వంసం కింద కేసు. అప్పటికే జారిపోయిన ముద్రలు ఎర్రచీకట్లో ఎలా జారాయో అలాగే భద్రంగా ఉన్నాయి.

* * *

భవ్యకి అప్పటికి అయిదో నెల నిండింది.

గౌరి పిల్లనెత్తుకుని సంస్థ గేటు దగ్గర వేపచెట్టు నీడన కూర్చునేది. హైమావతి బయటికి రాగానే లేచేది.

"అమ్మా, ఈ వారమైనా అవుద్దేటి?"

"ప్రయత్నిస్తున్నాను గౌరీ."

"మా అత్త ఇంక ఆసుపత్రులు సాలు, పిల్ల రాత ఇంతేనంటంది. నాను ఒప్పుకోనేదు. అప్పుడైతే పట్టుకుంటే ఇలగొచ్చీసీది." గౌరి పాదాన్ని మెల్లిగా వేళ్ళతో తిప్పి చూపించింది. "మొన్నటికీ ఇయ్యాలకీ బిర్రైపోనాది. నాకేటి సదువునేదు గానీ, సేతికి తెలిసిపోతంది కదమ్మా."

హైమావతికీ చేతికే తెలిసింది. రెండు నెలలప్పుడు పాదం లొంగేది. ఇప్పుడు ఎదురు తంతోంది. ఆ రోజే ఆవిడ బూటు వాడకానికి తను ఎప్పుడో అడిగిన అనుమతి పత్రం ఏమైందో కనుక్కుందామని ఏకీకృత పాలన శాఖ ఆఫీసుకి బయల్దేరింది.

లోపల అంతా ఎర్రగా, ఎవరు ఎక్కడున్నారో తెలియకుండా ఉంది. గుమాస్తాలు ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకుంటూ, బల్లలు తడుముకుంటూ తిరుగుతున్నారు. సూపరింటెండెంటు వైకుంఠరావు గారిని గొంతుని బట్టి పట్టుకుంది.

"రండి డాక్టరమ్మా. జాగ్రత్త, అక్కడ బీరువా ఉంది. కాదు, అది మన జాయింటు డైరెక్టరు గారు. నమస్కారం పెట్టండి." వైకుంఠరావు గారు ఉత్సాహంగా ఉన్నాడు. "మా ఆఫీసుకి ఈ ఏడు ఉత్తమ కార్యాలయం బహుమతి వచ్చిందండి. ఒక్క ఫైలు మీద కూడా ఆక్షేపణ లేదు."

"అదెలాగండి?"

"ఆక్షేపణలు ఎర్రసిరాతో రాస్తారు కదండీ. ఎర్రబల్బు కింద ఎర్రసిరా కనబడదు." ఆయన ఫైలు ముక్కుకి ఆనించుకుని చదివాడు. "మీ అనుమతి పత్రం మీద సంతకం ఎప్పుడో అయిపోయింది. ముద్రే పడలేదు."

"ఎందుకు పడలేదు?"

"మా ముద్ర కుంకుడుకాయలా అయిపోయిందండి. సరిచెయ్యాలంటే నీలం దీపం వెయ్యాలి. నీలం దీపం ఏడో నియమం ప్రకారం నిషిద్ధం."

"అయితే ఆ నియమాన్ని సడలించండి. లేకపోతే పాత రబ్బరు ముద్రలు మళ్ళీ చేయించుకోండి."

"అలా చెయ్యడానికి ఉత్తర్వు కావాలండి," అన్నాడు వైకుంఠరావు గారు ఎంతో బాధగా. "ఉత్తర్వు మీద ముద్ర ఉండాలి."

హైమావతి సంతకమున్న కాగితం తీసుకుని రెండు తెరలూ దాటి ఎండలోకి వచ్చింది. కళ్ళు చెదిరి రోడ్డు దాటడానికి అయిదు నిమిషాలు పట్టింది.

* * *

నెల రోజుల తర్వాత సంస్థకి ఒక లారీ వచ్చింది. ఆకారం కోల్పోయిన ముద్రలన్నీ 'నిరుపయోగ వస్తువులు'గా ప్రకటించి, పుట్టినచోటే పారవేయమని పంపించారు. జగదానందం గారు వాటిని చూడ్డానికి కూడా ఇష్టపడక హైమావతికి అప్పజెప్పాడు. "పారేసి, పారేసినట్టు రాసివ్వండి," అన్నాడు.

ఆవిడ ఆ రాత రాసివ్వలేదు. గోనెసంచులు విప్పి, పిడులు ఊడదీసి, నీలం దీపం కింద వాటిని ముద్దచేసి పలకలుగా సాగదీసింది. సిరా మరకలతో నల్లగా ఉన్నా గుణం చెడలేదు. వాటిలో ఒక్క ముద్ర మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఎవరో అధికారి సొరుగులోంచి తియ్యలేదనుకుంటా, పట్టుగుడ్డ కూడా విప్పి ఉండలేదు. వేసి చూస్తే 'అనుమతించడమైనది - ఏకీకృత పాలన శాఖ' అని ముత్యాల్లాంటి అక్షరాలు పడ్డాయి. ఆ అధికారి దేన్నీ ఎప్పుడూ అనుమతించలేదన్నమాట.

ఇమ్మానుయేలు ఆసుపత్రిలో గౌరి పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డాక్టరు పాదాన్ని పట్టుకుని తిప్పగలిగినంత తిప్పి నిలిపాడు. హైమావతి దీపం కింద మెత్తని పలకని దాని చుట్టూ ఒత్తుతూ వచ్చింది. అరికాలి దగ్గర గట్టి ముక్క ఒకటి కావలసి వచ్చింది. చేతికందిన ఆ ముద్రనే అక్షరాలు కిందికి వచ్చేలా పెట్టి అంచులు అతికింది. దీపం ఆరింది. బూటు గట్టిపడింది. భవ్య కాలు ఆడించి బల్లని ఒక్క తన్ను తన్నింది.

"బూటు బాగానే ఉంది," అన్నాడు ఇమ్మానుయేలు. "కానీ ముద్ర లేని అనుమతితో వేశామని మా ఆసుపత్రి కమిటీ రేపు విప్పేయమంటుంది."

హైమావతి పిల్ల అరికాలి వైపు చూసింది. డాక్టరూ చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆయన వెళ్ళి స్టాంపుప్యాడ్ పట్టుకొచ్చాడు. గౌరి పిల్ల కాలు పట్టుకుని ప్యాడ్ మీద ఒకసారి, సంతకమున్న అనుమతి కాగితం మీద ఒకసారి గట్టిగా అదిమింది.

గడిచిన మూడు నెలల్లో ఆ రాష్ట్రంలో స్పష్టంగా పడిన ముద్ర అదొక్కటే.

* * *

ఆ కాగితం నకలు శాఖకి చేరిన మర్నాడే వైకుంఠరావు గారు సంస్థకి పరిగెత్తుకొచ్చాడు. ముద్ర ఎక్కడిదని అడిగాడు. హైమావతి దాచలేదు. ఆయన కోప్పడతాడనుకుంది. ఆయన కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"మూడు నెలలండి. మూడు నెలల ఫైళ్ళు. మా అమ్మాయి కాలేజీ సర్టిఫికెట్టు కూడా అందులోనే ఉంది." మెల్లిగా అడిగాడు. "ఆ పాప ఆదివారాలు ఖాళీయేనా అండీ?"

మొదటి రెండు వారాలూ రహస్యంగా సాగింది. తర్వాత గుమ్మడిపేటలో గౌరి ఇంటి ముందు జీపులు బారులు తీరాయి. మూడో వారం మార్తాండరావు గారు విషయాన్ని క్రమబద్ధం చేశారు. ఉత్తర్వు ఇలా ఉంది: 'కుమారి రొంగలి భవ్య, వయస్సు ఏడు నెలలు, ఎడమ పాదమును తాత్కాలిక రాష్ట్ర స్థాయి ముద్రాధికార పాదముగా గుర్తించడమైనది. ముద్ర ఉన్న చోటే కార్యాలయము అగును గనుక, సదరు గృహమునకు వెలుతురు నియంత్రణ నియమావళి వర్తించును. పాలు త్రాగు సమయమును మధ్యాహ్న భోజన విరామముగా పరిగణించవలెను.' ఆ ఉత్తర్వు మీద కూడా భవ్య కాలితోనే ముద్ర వేయించారు.

గౌరి ఇంటి కిటికీలకి తారు పూశారు. ఎర్రబల్బు వేలాడదీశారు. గుమ్మానికి రెండు నల్లతెరలు కట్టి, కానిస్టేబుల్ని కూర్చోబెట్టారు. పదింటి నుంచి అయిదింటి దాకా తహశీల్దార్లు, ఇంజనీర్లు, రిజిస్ట్రార్లు చెప్పులు విప్పి లోపలికొచ్చి, వంగి, పసిపిల్ల కాలు కాగితానికి అద్దించుకుని వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయేవారు. పిల్ల నిద్రపోతుంటే నిలబడేవారు. ఏడిస్తే ఆ రోజు ఆక్షేపణ కింద లెక్క.

"కూరలో కారమేసినానో నేదో కనబడదమ్మా," అంది గౌరి ఫోన్లో. "అయినా సర్లే అనుకున్నాను. కానీ నర్సమ్మ దీపం అట్టుకొస్తే రానివ్వనేదు."

ఉత్తర్వులో తొమ్మిదో పేరా అది. ముద్రారూపమునకు భంగము కలిగించు ఎట్టి దీపమునూ సదరు కార్యాలయ ఆవరణలో వెలిగించరాదు.

అప్పటికి పాదం సగం తిరిగింది. హైమావతి రాజధానికి వెళ్ళి రెండు రోజులు వరండాలో కూర్చుని మార్తాండరావు గారిని పట్టుకుంది.

"మొదటి రెండు వారాలూ చీలమండ వరకే మెత్తబరిచాం. ఇప్పుడు మడమ తిప్పాలండి. అంటే అరికాలు కూడా మెత్తబడాలి."

"అక్షరాలు?"

"పోతాయి."

"అయితే ఎలా కుదురుతుందమ్మా? సగం తిరిగిందంటున్నారు కదా. సగం ప్రగతి కూడా ప్రగతే. మేము చాలా పథకాల్లో అంతదాకా కూడా రాలేదు."

"పిల్ల పెరుగుతోందండి. బూటు బిగుసుకుపోతోంది. అలా వదిలేస్తే ఉన్న కాలు కూడా దెబ్బతింటుంది."

మార్తాండరావు గారు ఆలోచించారు. "పెరుగుదలని నిలుపుదల చేసే అధికారం మా శాఖకి లేదు. వైద్య శాఖకి రాస్తాను."

"ముద్ర కోసం పిల్ల కాలు పోగొడతారా?"

"ఒక్క పాదం కోసం మొత్తం రాష్ట్రాన్ని ఆపమంటారా?" అన్నారాయన. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో నటన లేదు. అందుకే హైమావతికి భయం వేసింది.

* * *

తిరుగు బస్సు దిగి ఇంటికి పోకుండా, సంస్థలో దీపం తీసుకుని నేరుగా గుమ్మడిపేట వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. ఇంటి ముందు షామియానా కింద పాతికమంది అధికారులు కాగితాలతో విసురుకుంటున్నారు. వైకుంఠరావు గారు వాళ్ళ వరస సరిచూస్తున్నాడు. లోపల ఎర్రచీకట్లో గౌరి పిల్లని భుజాన వేసుకుని ఊపుతోంది. పిల్ల ఏడవడం కూడా మానేసి మూలుగుతోంది. హైమావతి బూటు చివరనున్న వేళ్ళు తాకి చూసింది. చల్లగా ఉబ్బి ఉన్నాయి. ఆ వెలుతుర్లో రంగు తెలియలేదు.

"దీపం తెచ్చినారా?" అంది గౌరి.

"తెచ్చాను. గుమ్మంలోనే కానిస్టేబుల్ లాక్కున్నాడు."

గౌరి ఊపడం ఆపింది. "అమ్మా, నివ్వు సదివినావు గదా ఆ కాయితాలన్నీ. దీపం ఎలిగించొద్దన్నారు, సరే. ఎండకి ఏటైనా రాసినారా?"

హైమావతి అన్ని పేరాలూ మనసులో ఒకసారి తిరగేసింది. "ఆవరణలోకి ఎండ రాకూడదని రాశారు. ఆవరణ ఎండలోకి వెళ్ళకూడదని రాయలేదు."

గౌరి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, నల్లతెరలు రెండూ ఒక్క చేత్తో పక్కకి లాగేసి, పిల్లతో గుమ్మం దాటింది.

కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. ఆఫీసులోకి వచ్చేవాళ్ళని ఆపమన్నారు గానీ ఆఫీసే వెళ్ళిపోతుంటే ఏం చెయ్యాలో అతనికి ఎవరూ చెప్పలేదు. "సార్! ఆపీసు ఎలిపోతంది సార్!" అని కేకపెట్టాడు.

గౌరి షామియానా దాటి, నూర్పిళ్ళ కళ్ళం మధ్యలో ఎక్కడా నీడ లేని చోట కూర్చుని, పిల్ల మొహానికి చెంగు కప్పి, ఎడమ కాలికున్న ఎర్రగుడ్డ విప్పేసింది. మిట్టమధ్యాహ్నపు ఎండ బూటు మీద పడింది. వేళ్ళు నీలంగా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

షామియానాలో గగ్గోలు పుట్టింది. ఒక రిజిస్ట్రారు గారు చేతిలో కాగితంతో పరిగెత్తుకొచ్చి ఆఖరి ముద్ర వేయించుకోబోయాడు. అప్పటికే అక్షరాలు సాగుతున్నాయి. ఆయనకి బొద్దింక లాంటి మచ్చ ఒకటి దక్కింది. వైకుంఠరావు గారు నల్లగొడుగు విప్పుకుంటూ వచ్చి పిల్ల మీద నీడ పట్టాడు.

"తీసెయ్యి బాబూ," అంది గౌరి తలెత్తకుండా.

"నా ఉద్యోగం పోతుందమ్మా."

"పిల్ల కాలేళ్ళు సూడు. నీకూ ఆడపిల్లుంది కదా, సూడు."

వైకుంఠరావు గారు చూశాడు. ఇన్ని వారాలూ ఎర్రబల్బు కింద వందసార్లు ఆ కాలు పట్టుకున్నాడు గానీ వేళ్ళ రంగు ఆయనకి ఎన్నడూ కనబడలేదు. "గొడుగు గురించి కూడా నిబంధనల్లో ఏమీ లేదు," అని తనలో తాను అనుకుంటున్నట్టుగా అని, గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

పది నిమిషాలకి బూటు పిండిలా సడలింది. బిగువు వదలగానే వేళ్ళలోకి మెల్లిగా ఎరుపు తిరిగొచ్చింది. హైమావతి ఇమ్మానుయేలు నేర్పినట్టు మడమ కింద బొటనవేలు ఆనించి, పాదాన్ని బయటికి తిప్పింది. అది వచ్చింది. మొండికేస్తూ, ఆగుతూ, వచ్చింది. అరికాలు మొదటిసారి నేల వైపు చూసింది. గౌరి ఎర్రగుడ్డ చుట్టేసింది. హైమావతి చేతులు తియ్యకుండా అలాగే పట్టుకుని కూర్చుంది, బూటు గట్టిపడేదాకా. చెంగు కింద భవ్య పిడికిలి నోట్లో పెట్టుకుని నిద్రపోయింది.

రాష్ట్రంలో ఉన్న ఒక్క ముద్రా ఆ విధంగా చెరిగిపోయింది. అధికారులు జీపులెక్కి వెళ్ళిపోయారు. ముద్ర లేని ఇల్లు కార్యాలయం కాదు కనుక కానిస్టేబులు ఎర్రబల్బు ఊడదీసుకుని తనూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆరు వారాలు నర్సమ్మ దీపం పట్టుకుని వస్తే అడ్డుకున్నవాళ్ళు లేరు.

* * *

భవ్య పద్నాలుగో నెలలో నడిచింది. ఇప్పటికీ అడ్డొచ్చిన ప్రతిదాన్నీ ఎడమకాలితోనే తంతుందని గౌరి ఫిర్యాదు. సంచుల్లో మిగిలిన ముద్రలతో హైమావతి మరో ఇరవైరెండు బూట్లు చేసింది. వాటికి అనుమతి ఎవరిచ్చారని ఇమ్మానుయేలు అడిగాడు. కాదన్న కాగితం కూడా ఏదీ రాలేదని ఆవిడ చెప్పింది. రాష్ట్రంలో ఏ కాగితమూ ఎక్కడికీ రావడం లేదు.

ఒకరోజు వైకుంఠరావు గారు ఆవిడ గదికి వచ్చాడు. ఎర్రచీకట్లో ఉండి ఉండి ఎండకి కళ్ళు చికిలిస్తున్నాడు. చేతిలో పొడుగాటి కవరు.

"ప్రభుత్వ ముద్రని ఎండలో ధ్వంసం చేసినందుకు మిమ్మల్ని సస్పెండు చేశారు డాక్టరమ్మా. ఆ మర్నాడే సంతకమైపోయింది. మార్తాండరావు గారు స్వయంగా పెట్టారు."

"మరి ఇవ్వండి."

"ఇవ్వలేనండి." ఆయన కవరు మీద చెయ్యి తియ్యకుండా ఇబ్బందిగా నవ్వాడు. "ముద్ర పడలేదు కదా. అంతవరకూ చెల్లదు. అందుకే కార్యదర్శి గారు మీకో మాట చెప్పి రమ్మన్నారు. ఎలాగైనా ఒక్కటి, ఒకే ఒక్క కొత్త ముద్ర చేసిపెట్టమన్నారు. ముందుగా ఈ ఉత్తర్వు మీద వేస్తారట."

హైమావతి చేతిలో ఉన్న ఇరవైనాలుగో బూటు అంచు నునుపు చేస్తూ విన్నది.

"దానికేం, చేసిస్తాను," అంది. "సంస్థలో బయటి పని ఒప్పుకోవాలంటే మీ శాఖ నుంచి దరఖాస్తు రావాలి. పట్టుకురండి."

వైకుంఠరావు గారి మొహం విప్పారింది. "రేపే తెస్తానండి. సంతకంతో."

"సంతకం ఒక్కటే చాలదనుకుంటా," అంది హైమావతి. "మీకే తెలుసు కదా."

ఆయన జేబులోంచి దరఖాస్తుల నియమావళి తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి, ఎండలో పట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత పుస్తకం మూసి, కవరు చంకలో పెట్టుకుని, ఆవిడకి నమస్కారం చేసి వెళ్ళిపోయాడు.